అన్యహస్తము: తెలుగునాట వీపు తోముటను గూర్చిన ఒక విచారణ

శరీరమున తన కంటికి కానరానిదియు, తన చేతికి నిండుగా అందనిదియు అగు భాగము వీపు. ముఖమును అద్దమున చూచుకొనవచ్చును; పాదములను వంగి కడుగుకొనవచ్చును; వీపు నడిమి భాగమునకు మాత్రము ఎంతటి ప్రభువునకైనను పరుల చేయి కావలసియుండెను. ఈ చిన్న సంగతికి చరిత్రలో పెద్ద పర్యవసానమే కలదని మా అభిప్రాయము. సురవరము ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వెలువడిన నాటినుండి కావ్యములందలి స్నానభోజనాదులను సాంఘిక చరిత్రకు ఆధారములుగా గ్రహించుట మన పరిశోధకులకు పరిపాటియైనది. అయితే నూనె ఏది, పిండి ఏది, పన్నీరు ఎట్టిది అని ఎంచినంత శ్రద్ధతో, ఆ నూనెను వీపున మర్దించిన చేయి ఎవరిదని మనము ఎంచలేదు. సికిందరాబాదు రైల్వేస్టేషను చెంతనున్న బోయిగూడ అను పేట పేరు మమ్ము ఈ ప్రశ్నవైపు నడిపించినది. ఆ పేరును గూర్చి ముందు చెప్పుదుము. మొదట భాషను చూతము.

తెలుగున స్నానమునకు గల మాటలలో ఈ రెండవ మనుష్యుడు దాగియున్నాడు. 'తలంటు' అనుదానిలోని 'అంటు' స్పర్శను తెలుపు మాట. పసిబిడ్డకు తల్లి నీళ్లు పోయును. ఎదిగినవాడు నీళ్లు పోసికొనును. 'కొను' అను ఒక్క అనుబంధము చేరుటతో బాల్యము ముగియుచున్నది. వీపు విషయమున ఈ 'కొను' ఒంటరిగా చక్కగా అమరదు. చేతులు రుద్దుకొంటిమందుము, ముఖము కడుగుకొంటిమందుము; వీపును రుద్దించుకొంటిమందుము. ప్రేరణార్థకము వచ్చి చేరినది. ఇక 'తోము' అను క్రియ పండ్లకును, అంట్లకును, వీపునకును సమముగా చెల్లును. 'నలుగు' అనునది పిండికి పేరు, ఆ పిండితో చేయు వేడుకకు పేరు, ఆ వేడుకలో పాడు పాటలకును పేరు. పార్వతి తన మేని నలుగుపిండితో వినాయకుని చేసెనను కథ వినాయకచవితినాడు తెలుగింట వినబడుచునే యుండును.

వైద్యశాస్త్రములలో ఈ విషయము విస్తారముగా కలదు. చరకసంహిత సూత్రస్థానము ఐదవ అధ్యాయమున అభ్యంగమును వర్ణించుచు, నూనె పట్టించిన కుండ, తోలు, బండి ఇరుసు ఎట్లు గట్టిపడునో శరీరమును అట్లే గట్టిపడునని పోలిక చెప్పబడినది. స్పర్శేంద్రియమున వాయువు అధికమనియు, ఆ ఇంద్రియము చర్మము నాశ్రయించియున్నదనియు, కావున అభ్యంగము చర్మమునకు మిక్కిలి హితమనియు అందలి తర్కము. వాగ్భటుని అష్టాంగహృదయములో, దినచర్యాధ్యాయమున, అభ్యంగము, వ్యాయామము, ఉద్వర్తనము, స్నానము అను క్రమము కలదు. ఉద్వర్తనమనగా పిండితోడి రుద్దుట. మన నలుగు అదియే. కఫరోగులకును, అజీర్ణము కలవారికిని అభ్యంగము కూడదని వాగ్భటుడు నిషేధించెను. సుశ్రుతుడు చికిత్సాస్థానము ఇరువదినాల్గవ అధ్యాయమున ఉద్వర్తనము, ఉత్సాదనము, ఉద్ఘర్షణము అని రుద్దుటలోనే భేదములను చూపెను. వాత్స్యాయనుని నాగరకుడు ప్రతిదినము స్నానమును, దినము విడిచి దినము ఉత్సాదనమును, మూడవ దినమున నురుగునిచ్చు ఫేనకమును కోరువాడు.

ఈ గ్రంథములను చదువునప్పుడు మేము గమనించిన విశేషమొకటి కలదు. వీనిలో అభ్యంగమును 'ఆచరించువాడు' నూనె పట్టించుకొను యజమానుడే. వాక్యమునకు కర్త అతడే, ఫలము పొందువాడును అతడే. రుద్దువాని ఊసు ఆ విధివాక్యములలో లేదు. ఉత్సాదనము తనకు తాను చేసికొనునది కాదని ప్రతి పాఠకునకు తెలియును. తెలిసిన దగుటచేతనే కాబోలు, చెప్పవలసిన అవసరము శాస్త్రకారునకు తోచలేదు.

రాజుల విషయమునకు వచ్చునప్పటికి ఈ రెండవ చేయి కొంత కనబడును. తెలంగాణమును కూడ ఏలిన కల్యాణి చాళుక్యులలో మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమున స్నానభోగము రాజభోగములలో ఒకటిగా చెప్పబడినది. స్నానము భోగమైనప్పుడు దానికి పరిచారకు లుండక తప్పదు. అంతకంటె స్పష్టమైన సాక్ష్యము పరదేశీయునిది. 1520 ప్రాంతమున విజయనగరమున నుండిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, శ్రీకృష్ణదేవరాయలు తెల్లవారకముందే నువ్వులనూనె త్రాగి, ఒడలెల్ల నూనె పట్టించుకొని, మట్టితో చేసిన బరువులను ఎత్తి, కత్తి త్రిప్పి, ఆ నూనె అంతయు చెమటగా వెలువడువరకు సాముచేసి, మల్లులలో ఒకనితో కుస్తీపట్టి, గుఱ్ఱమెక్కి తిరిగి, పిమ్మట స్నానమునకు వచ్చువాడని వ్రాసెను. ఆ స్నానము చేయించువాడు రాజు పూజ్యునిగా భావించు ఒక బ్రాహ్మణుడట. అభ్యంగము, వ్యాయామము, స్నానము అను వాగ్భటుని క్రమము ఇచ్చట ఒక తెలుగు కవిరాజు దినచర్యలో కనబడుట ముచ్చటగా నున్నది. అంతకంటె ముఖ్యమైన దేమనగా, స్వదేశ గ్రంథములు ఊరకొన్న ఆ చేయిని పరదేశి చూచెను. అలవాటుపడిన కంటికి కానరానిది క్రొత్త కంటికి కానవచ్చుట చరిత్రలో తరచు జరుగునదే.

గోలకొండ కాలమున ఈరానీ సంప్రదాయముతో హమ్మాము వచ్చినది. ఈరానీ హమ్మాములో ఒళ్లు తోమువానికి దల్లాకు అని పేరు. అతడు చేతికి తొడుగుకొను గరుకు సంచి కీసా. ఇచ్చట రుద్దుట పేరుగల ఒక వృత్తియైనది. కుతుబ్‌షాహీ గోరీల నడుమ నేటికిని నిలిచియున్న హమ్మాము మాత్రము జీవించియున్నవారికి కాదు. రాజవంశీయుల భౌతికకాయములకు ఖననమునకు ముందు స్నానము చేయించుటకు కట్టబడినది. పురిటిబిడ్డకును, పెండ్లికొడుకునకును, మృతునకును వీపు తోమువారు ఇతరులే. ఈ మూడింట మతభేదము కనబడదు.

సామాన్యుల ఇండ్లలో ఈ పని స్త్రీలది. కాళ్లు చాచి కూర్చుండి, బిడ్డను ఆ కాళ్లమీద బోరగిల పరుండబెట్టి, వెన్నుపూస వెంబడి నూనె రాసి, సున్నిపిండితో నలిచి, వేడినీళ్లు పోయుట తల్లులకును, అమ్మమ్మలకును తెలిసిన విద్య. ఉగాదినాడును, నరకచతుర్దశినాడును పెద్దలకుకూడ ఇంటి ఆడువారే తలంటుదురు. పెసలు, సెనగలు, పసుపు, కచ్చూరాలు, బావంచాలు చేర్చి విసరిన సున్నిపిండి నూనెజిడ్డును పీల్చుకొనును. కుంకుడురసములోని సపోనిన్ అను పదార్థము సబ్బువలె నురుగునిచ్చును. బావంచాల విషయమున ఒక హెచ్చరిక అవసరము: వానిలోని సొరాలెన్ అను ద్రవ్యము చర్మమును ఎండకు సుకుమారముగా చేయును. బొల్లి చికిత్సలో అది వాడబడుటకు కారణమిదియే. కావున ఆ పిండిని శుభ్రముగా కడిగివేయవలెను.

ఇంటి వెలుపల ఈ సేవ మంగలిది. క్షౌరముతోపాటు మర్దనము, పుండ్లకు చికిత్స, పెండ్లిలో వాద్యము అతని వృత్తిలోనివి. ఆ కులపు స్త్రీలు మంత్రసానులు. 1909లో ప్రకటితమైన థర్‌స్టన్ సంపుటములలో ఈ విషయము కలదు. అయితే ఈ సేవ ఊరిలో అందరికిని అందినది కాదు. ఊరికి వెలుపల నుంచబడినవారికి మంగలి చేయి నిరాకరింపబడినది. ఏ వీపును ఏ చేయి తాకవచ్చునో, ఏది తాకరాదో కులము నిర్ణయించినది. అభ్యంగమును ఆరోగ్యశాస్త్రముగా మాత్రమే చదువువారు ఈ అధ్యాయమును దాటిపోవుచున్నారు. అది న్యాయము కాదని మా మతము.

ఇక బోయిగూడ. 'బోయి' అనగా పల్లకి మోయువాడు. 'గూడ' అనగా గూడెము. 1806లో సికిందరు జా పేరిట ఏర్పడిన ఈ నగరమున, బోయిగూడకు దూరము కాని మరియొక పేటకు కవాడిగూడ అని పేరు. కావడి మోయువారి గూడెమని దాని పేరే చెప్పుచున్నది. ఈ రెండు పేర్లును భుజముమీద బరువు నెత్తుకొన్నవారివి. బోయీలు పల్లకి మోయుటతోపాటు చేపలు పట్టెడివారు, ఇండ్లకు నీరును తెచ్చియిచ్చెడివారు. ఇతరుల స్నానమునకు నీరు మోసిన భుజములవి! 1886లో వెలువడిన 'హాబ్సన్-జాబ్సన్' అను ఆంగ్లోభారతీయ పదకోశము, పల్లకి మోయువాడను అర్థమున ఆంగ్లేయులు వాడిన 'బాయ్' అను మాటకు మూలము ఈ బోయి శబ్దమేనని చెప్పినది. పెద్ద వయస్సు వచ్చిన మనుష్యుని పిల్లవానిగా పిలుచుటకు ఈ ధ్వనిసామ్యము ఎంత తోడ్పడినదో ఆలోచింపదగును. 848 నాటి అద్దంకి శాసనములోని బోయకొట్టములతో ఈ బోయిశబ్దమును ముడివేయుటకు కొందరికి ఉత్సాహము కలుగవచ్చును, అది తొందరపాటు. రూపసామ్యము ఒక్కటియే చాలదు.

1874లో వాడి నుండి సికిందరాబాదునకు రైలుమార్గము తెరువబడినది. దూరప్రయాణమునకు పల్లకి అవసరము క్రమముగా తగ్గినది; బరువు మాత్రము తగ్గలేదు. పల్లకి స్థానమున పెట్టెలు, బస్తాలు, బోయిగూడకు పేరుతెచ్చిన అడితీలలోని కలపదుంగలు వచ్చినవి. మోయువానికి 'హమాలీ' అని అరబీమూలమైన పేరు వచ్చినది. హమ్మాము, హమాలీ చెవికి దగ్గరగా వినబడినను ధాతువులు వేఱు: మొదటిది వేడికి, రెండవది మోతకు సంబంధించినది. గోనెసంచిని ముసుగుగా మడిచి తలమీదినుండి వీపువరకు వేసికొని బస్తా నెత్తు హమాలీని ఎరుగని తెలుగువాడు లేడు. ఆ గోనె బస్తా గీతలనుండి వీపును కాపాడును. కాని చెమటను బంధించును, చర్మమును ఒరయును. రాపిడి, చెమట, ఉక్క కలిసిన చోట వెండ్రుక కుదుళ్లు మూసికొని మొటిమలవంటి పొక్కులు లేచుననియు, నిత్యము ఒత్తిడి తగులు చోట చర్మము దళసరియగుననియు చర్మవైద్యులు చెప్పుదురు. 'కాయ కాచుట' అని మనవారు దీనికి ఎప్పుడో పేరు పెట్టిరి.

స్నానపద్ధతిలో అసలు మార్పు నల్లాతో వచ్చినది. 1908 మూసీ వరద పిమ్మట నిర్మింపబడిన ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి. గొట్టపునీరు, సబ్బు, తలుపుగల స్నానపుగది క్రమముగా ఇంటింటికి వచ్చిన కొలది స్నానము ఏకాంతమైనది. ఏకాంతము గౌరవమే; పరుని చేతి దాస్యము తప్పుట మేలే. నీళ్లు మోసిన బోయికి ఆ పని తప్పుటకు మేము విచారింపము. కాని తలుపు మూసికొన్నపిమ్మట వీపు తోమువారెవరు? 'షాంపూ' అను మాట చరిత్ర ఇచ్చట స్మరణీయము. ఒత్తు, పిసుకు అను అర్థముగల హిందీ 'చాంప్‌నా' నుండి అది పుట్టినది. 1759లో పాట్నాలో జన్మించిన షేక్ దీన్ మహమ్మదు ఇంగ్లండులోని బ్రైటన్ పట్టణమున స్నానశాల నడపినపుడును ఆ మాటకు మర్దనమనియే అర్థము. నేడది సీసాలోని ద్రవమునకు పేరు. మాట మిగిలినది, చేయి పోయినది.

వీపునకు చేయి పోయి నైలాను పీచు వచ్చినది. రెండు కొనలను రెండు చేతులతో పట్టుకొని వీపుమీద అటునిటు లాగు పొడుగుపీచును ఏండ్ల తరబడి గట్టిగా వాడినవారికి, భుజముల నడుమ అలలవంటి చారలతో గోధుమ నలుపు మచ్చ ఏర్పడుట వైద్యులు గుర్తించిరి. జపానులో నైలాను తువాలు వాడుకలోను ఇట్టి మచ్చలే కనబడినవి. మన దేశముననుకూడ ఇది అరుదు కాదు. మురికియని భ్రమించి దానిని మరింత గట్టిగా తోముట, దానివలన అది మరింత నల్లనగుట సామాన్యముగా జరుగుచున్నది. రుద్దుట మానుటయే దీనికి ప్రథమ చికిత్స. శోభి అని మనము పిలుచు తెల్లని మచ్చలకు కారణమైన మలసీజియా అను సూక్ష్మజీవి చర్మమందలి జిడ్డును తిని బ్రదుకును. జిడ్డు ఎక్కువగా ఊరు చోట్లలో వీపు ఒకటి. నూనె పట్టించి విడిచివేయుట అట్టివారికి హానికరము. నూనె పిమ్మట పిండి, పిండి పిమ్మట నీళ్లు అను పాత క్రమము ఈ దృష్టితో చూచినను సమంజసముగానే యున్నది. తల్లి చేతికి బిడ్డ వీపున మంట పుట్టినది తెలియును, బిడ్డ ఏడ్చిన చేయి మెత్తబడును; పీచునకు అట్టి ఎరుక లేదు.

బోయిగూడ అడితీలలోను, స్టేషనులోను బరువు మోయువారి నోట వీపును గూర్చిన మాటలు, కాయకు, ఒరపునకు, గోనెముసుగునకు వారు వాడు పేర్లు మన నిఘంటువులలో చాలవరకు చేరలేదు. వానిని హమాలీలనుండియే వినవలెను. పని ముగిసిన సాయంకాలము నల్లా దగ్గర ఒకని వీపు ఒకడు తోమునప్పుడు వినుట మేలు.