కాగితం లెక్క మనకెందుకు?

స్త్రీల సాహిత్య చరిత్ర రాసేటప్పుడు మనం రచయిత్రుల పేర్లు వెతుకుతాం, పత్రికల పేర్లు వెతుకుతాం, మొదటి కథ ఎవరిదని వాదించుకుంటాం. ఆ రచన ఏ కాగితం మీద అచ్చయింది, దానికి ఎన్ని పేజీలు దొరికాయి, ఆ రీములు ఎవరి డబ్బుతో కొన్నారు అని మాత్రం అడగం. అది ప్రెస్సువాళ్ల వ్యవహారం, మగవాళ్లు చూసుకునే బయటిపని అనుకుంటాం. ఇంట్లో పప్పుకీ నూనెకీ లెక్క కట్టే బాధ్యత మనదే కానీ, మన పుస్తకానికి అయ్యే కాగితానికి లెక్క కట్టే హక్కు మనదని మనకెవరూ చెప్పలేదు.

చోడవరం లాంటి ఊరి నుంచి చూస్తే ఈ విషయం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఒకప్పటి విశాఖపట్నం జిల్లాలో, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలో ఉన్న ఈ ఊరు చెరుకు పండే ప్రాంతం. గోవాడ సహకార చక్కెర కర్మాగారం దగ్గర కాటా మీద బండి ఎక్కినప్పుడు తూకంలో తేడా వస్తే ఏమవుతుందో ఇక్కడి రైతుకుటుంబాలకు ఒకరు చెప్పక్కర్లేదు. అనకాపల్లి బెల్లం మార్కెట్టులో దిమ్మ బరువు మీదే ఏడాది బతుకు ఆధారపడి ఉంటుంది. అలాంటి చోట నలుగురు స్త్రీలు కలిసి ఒక కవితా సంకలనమో, అనుభవాల పుస్తకమో వేసుకోవాలనుకుంటే, ప్రెస్సాయన చెప్పిన మొత్తాన్ని ప్రశ్నించకుండా తలూపి రావాల్సిన పనేముంది? కాగితం కూడా కిలోల లెక్కనే అమ్ముడవుతుంది కదా.

ఆ లెక్క నిజానికి చాలా చిన్నది. కాగితం మందాన్ని జీఎస్ఎంలో చెబుతారు. అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందని. షీటు పొడవు, వెడల్పులను అంగుళాల్లో తీసుకుని గుణించి, దాన్ని జీఎస్ఎంతో గుణించి, 3100తో భాగిస్తే 500 షీట్ల రీము బరువు కిలోల్లో వస్తుంది. సెంటీమీటర్లలో కొలిస్తే 20,000తో భాగించాలి. మన పుస్తకాలకు ఎక్కువగా వాడే డబుల్ డెమీ షీటు 23 అంగుళాలకు 36 అంగుళాలు. 60 జీఎస్ఎం అయితే రీము బరువు 16 కిలోలు. 70 జీఎస్ఎం అయితే దాదాపు 18.7 కిలోలు.

ఈ షీటును నాలుగుసార్లు మడిస్తే 16 ఆకులు, అంటే డెమీ సైజు పుస్తకానికి 32 పేజీలు వస్తాయి. కాబట్టి 160 పేజీల పుస్తకానికి ఒక్కో కాపీకి 5 షీట్లు కావాలి. 1000 కాపీలకు 5000 షీట్లు, అంటే 10 రీములు. అచ్చులోనూ మడతలోనూ పాడయ్యే దానికి 5 శాతం కలుపుకుంటే పదిన్నర రీములు. 60 జీఎస్ఎంలో ఇది 168 కిలోలు. లెక్క సులువు కోసం కిలో వంద రూపాయలనుకుందాం. లోపలి కాగితానికే 16,800 రూపాయలు. 70 జీఎస్ఎంకి వెళితే 196 కిలోలు, 19,600 రూపాయలు. అట్టకు 250 జీఎస్ఎం బోర్డు 20కి 30 షీట్లలో నాలుగేసి చొప్పున కోస్తే, మరో పాతిక కిలోలు. ఆ తర్వాతే కంపోజింగు, ప్లేట్లు, అచ్చు, బైండింగు.

ఈ లెక్క తెలిశాక కొన్ని విషయాలు వేరేగా కనిపించడం మొదలుపెడతాయి. ఒక ఉదాహరణ చూడండి. మన పుస్తకాలకు ముందుమాటలు రాయించుకునే అలవాటు ఉంది. స్త్రీల పుస్తకానికి పెద్దమనుషుల ముందుమాట ఒక రకం అనుమతిపత్రం. ఆ మాటలు రెండు మూడు కలిసి 8 పేజీలయ్యాయనుకోండి. 8 పేజీలంటే షీటులో నాలుగో వంతు. 1000 కాపీలకు 250 షీట్లు, అర రీము, 8 కిలోలు. మన లెక్కలో 800 రూపాయలు. ఫారాలు నిండిపోయాయి, నాలుగు కవితలు తీసేయమని ప్రెస్సాయన అన్నప్పుడు మనం కవితలే తీసేస్తాం, ముందుమాట తీయం. ఎవరి మాట బరువైనదని మనం అనుకుంటున్నామో అక్కడే తేలిపోతుంది.

పత్రికల్లో ఈ బేరం మరింత పాతది. వీరేశలింగం 1883లో సతీహితబోధిని ప్రారంభించారు. 1902లో హిందూసుందరి వచ్చింది. మొదలుపెట్టింది సత్తిరాజు సీతారామయ్య. తర్వాత మోసలికంటి రమాబాయమ్మ, వెంపలి శాంతాబాయమ్మ లాంటి స్త్రీలు సంపాదకత్వం వహించారు. పులుగుర్త లక్ష్మీనరసమాంబ కాకినాడ నుంచి సావిత్రిని నడిపారు. ఈ పత్రికల చరిత్రను మనం భావాల చరిత్రగా చదివాం. స్త్రీవిద్య కావాలా వద్దా, పాతివ్రత్యం గురించి ఎవరేమన్నారు అని. కానీ ప్రతి సంచిక వెనకా ఒక కాగితం బిల్లు ఉంది. చందాదారులు చందా పంపకపోతే తర్వాతి సంచికకు రీములు రావు. చందా కట్టాల్సిన స్త్రీ చేతిలో సొంత డబ్బు ఉండని కాలం అది. చదివేది ఆమె, మనియార్డరు రాసేది భర్తో అన్నో.

1928లో మద్రాసు నుంచి డాక్టర్ కె.ఎన్.కేసరి గృహలక్ష్మి తెచ్చారు. ఆయనకు కేసరి కుటీరం అనే ఔషధ సంస్థ ఉంది. స్త్రీల ఆరోగ్యం కోసమని అది అమ్మిన లోధ్ర మందు పేరు ఆనాటి ఇళ్లలో అందరికీ తెలుసు. కనుపర్తి వరలక్ష్మమ్మ శారద లేఖలు వచ్చింది ఆ పత్రికలోనే. వ్యాపారం దన్ను ఉన్న పత్రికకూ, చందాల మీదే బతికిన పత్రికకూ మధ్య తేడా మనం గమనించాలి. స్త్రీల రచనకు చోటు దొరకడానికి స్త్రీల శరీరానికి మందు అమ్మిన డబ్బు అండగా నిలిచిందంటే, అందులో ఎగతాళి ఏమీ లేదు. అప్పటి మార్కెట్టులో స్త్రీని కొనుగోలుదారుగా గుర్తించిన కొద్ది చోట్లలో అదొకటి.

ఇంకో వైపు ప్రభుత్వం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942 నవంబరులో మిల్లుల కాగితంలో 90 శాతం ప్రభుత్వ అవసరాలకే కేటాయించారు. నిరసనలు వచ్చాక సడలించారు. మిగిలిన కొద్ది కాగితం కోసం పోటీపడాల్సి వచ్చినప్పుడు దినపత్రిక ముందు, స్త్రీల మాసపత్రిక వెనక. స్వాతంత్ర్యం తర్వాత పేజీల సంఖ్యే న్యాయస్థానాలకెక్కింది. పేజీలకూ ధరకూ ముడిపెట్టిన 1960 నాటి ఉత్తర్వును సకల్ పేపర్స్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. పది పేజీలకు మించరాదన్న న్యూస్‌ప్రింట్ విధానాన్ని 1972లో బెనెట్ కోల్‌మన్ కేసులో కొట్టేసింది. పేజీలు తగ్గించడమంటే భావప్రకటనా స్వేచ్ఛను తగ్గించడమేనని పెద్ద పత్రికలు వాదించి గెలిచాయి. సరైన మాటే. కానీ డబ్బు లేక తన పుస్తకాన్ని 160 పేజీల నుంచి 96కి కుదించుకున్న స్త్రీ ఏ కోర్టుకు వెళ్లాలి? ఆమె స్వేచ్ఛను హరించింది ఏ ఉత్తర్వూ కాదు, చేతిలో డబ్బు లేకపోవడం. దానిమీద కేసు వేయలేం.

కాగితం చవకైనప్పుడు ఏమవుతుందో కూడా చూశాం. 1960ల తర్వాత పాకెట్ పుస్తకాలు, ఇంటింటికీ పుస్తకాలు చేర్చిన ఎమెస్కో లాంటి ప్రచురణలు వచ్చాయి. వారపత్రికల్లో సీరియళ్లు రాసిన నవలా రచయిత్రులకు లక్షల్లో పాఠకులు పుట్టారు. క్రౌన్ సైజు పుస్తకాన్ని 20కి 30 షీటు మీద వేస్తారు. దాని రీము 60 జీఎస్ఎంలో పదకొండున్నర కిలోలకు కాస్త ఎక్కువ. డెమీ కన్నా నాలుగో వంతుకు పైగా తక్కువ. పుస్తకం చిన్నదై, చవకై, వంటింటి అరలోకి వచ్చింది. ఆ నవలల్ని విమర్శకులు తేలిక సాహిత్యం అన్నారు. బరువు తక్కువన్న మాట కాగితానికి సంబంధించి నిజమే. ఆ తేలికదనం వల్లే అవి స్త్రీల చేతుల్లోకి చేరాయన్నది వాళ్లకు పట్టలేదు.

అయితే చవక కాగితానికి మరో ధర ఉంది. కలపను యంత్రాలతో అరగదీసి చేసిన గుజ్జులో లిగ్నిన్ మిగిలిపోతుంది. న్యూస్‌ప్రింట్ అలాంటిదే. కొన్నేళ్లకే పసుపెక్కి, పెళుసై, ముట్టుకుంటే విరిగిపోతుంది. ఎక్కువ కాలం నిలిచే కాగితం మీద కావ్యాలు, శాసనాలు, సర్వసంగ్రహాలు వేశారు. పత్రికల్లో వచ్చిన స్త్రీల కథలు, లేఖలు పొట్లాలకు పోయాయి. భండారు అచ్చమాంబ 1905లో చనిపోయింది. హిందూసుందరిలాంటి పత్రికల్లో వచ్చిన ఆమె కథలు ఒక సంపుటిగా మన చేతికి రావడానికి వందేళ్లకు పైగా పట్టింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల చరిత్ర కోసం స్త్రీశక్తి సంఘటన వాళ్లు గొంతుల దగ్గరికే వెళ్లాల్సి వచ్చింది. అలా వచ్చిందే 1986 నాటి మనకు తెలియని మన చరిత్ర. అచ్చులో దొరకనిదాన్ని జ్ఞాపకంలో వెతికారు.

కాగితం ఎక్కడి నుంచి వస్తుందో కూడా ఈ లెక్కలో చేర్చాలి. రాజమండ్రి కాగితం మిల్లుకు మూలం 1924 నాటి కర్నాటక్ పేపర్ మిల్స్. 1953లో ఆంధ్రా పేపర్ మిల్స్ అయింది. దానికి కావలసిన వెదురు ఏజెన్సీ అడవుల నుంచి దిగింది. చోడవరానికి పైన మాడుగుల దాటితే ఏజెన్సీయే. ఆ వెదురు మిల్లులకు నామమాత్రపు ధరకు వెళ్లింది. బుట్టలల్లే మేదర స్త్రీ మాత్రం ఒక్కో బొంగు కోసం వెతుక్కుంది. ఇప్పుడు మిల్లులు సరుగుడు, సుబాబుల్, జామాయిల్ తోటల మీద ఆధారపడుతున్నాయి. చెరుకు పిప్పితోనూ కాగితం చేయొచ్చు. తమిళనాడు న్యూస్‌ప్రింట్ సంస్థ 1984 నుంచి చేస్తోంది. చక్కెర ఫ్యాక్టరీలు పిప్పిని తమ బాయిలర్లలో కాల్చుకుంటాయి కాబట్టి, వాళ్లకు బదులు ఇంధనం ఇచ్చి పిప్పి తీసుకునే ఏర్పాటు చేసుకుంది. చెరుకు కొట్టే స్త్రీ కూలి, వెదురల్లే స్త్రీ నష్టం, ఫారాలు మడిచి వరస పేర్చి కుట్టే బైండింగు స్త్రీ వెయ్యికింతని తీసుకునే కూలి, ఇవన్నీ కలిస్తేనే మన పుస్తకం. ధరలో వాళ్ల వాటా ఎంతో మనం అడగం. ప్రెస్సు బిల్లులో వాళ్ల పేరు ఉండదు.

ఇక ఈనాటి సంగతి. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు అచ్చు పుస్తకానికి పన్ను లేదన్నారు. కానీ అచ్చు కాగితం మీద 12 శాతం వేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి నోటుపుస్తకాల కాగితాన్ని మినహాయించి అది 18 శాతం అయింది. పుస్తకానికి పన్ను లేదు కాబట్టి, కాగితం మీద కట్టిన పన్నును వెనక్కి తీసుకునే వీలూ లేదు. అది చివరికి సొంత డబ్బుతో పుస్తకం వేసుకునే మనిషి మీదే పడుతుంది. తెలుగులో అలా వేసుకునేవాళ్లలో స్త్రీలు తక్కువేం కాదు. గాజులు కుదువపెట్టి పుస్తకం వేసుకున్నామని చెప్పేవాళ్లు మన సభల్లో ఇప్పటికీ కనిపిస్తారు.

పుస్తకం ఏం చేయగలదో మనకు తెలుసు. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమపు వాచకంలోని ఒక పాఠం దూబగుంట స్త్రీల చేతికి చేరాక సారా వ్యతిరేక ఉద్యమం ఎలా లేచిందో, 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను ఎలా నిషేధించాల్సి వచ్చిందో మనం చూశాం. ఆ పాఠం కొన్ని పేజీలు. తూకం వేస్తే కొన్ని గ్రాములు.

అందుకే కాగితం లెక్క నేర్చుకుందాం. ప్రెస్సుకు వెళ్లినప్పుడు మొత్తం ఎంతని కాదు, షీటు సైజెంత, ఎన్ని జీఎస్ఎం, ఎన్ని రీములు, కిలో ఎంత, వృథా కింద ఎంత కలిపారని అడుగుదాం. మిగిలిన కాగితం ఎవరిదని అడుగుదాం. పేజీలు మించినప్పుడు ఏ రచన ఆగాలో, ఎవరి ముందుమాట ఆగాలో మనమే నిర్ణయించుకుందాం. మళ్లీ ఒక వందేళ్ల తర్వాత మన మనవరాళ్లు మన కోసం వెతికే అవసరం రాకూడదనుకుంటే, కనీసం పాతిక కాపీలైనా కాస్త మంచి కాగితం మీద వేసి గ్రంథాలయాలకు పంపుదాం. 60కీ 70కీ మధ్య తేడా వెయ్యి కాపీలకు 28 కిలోలు. మన మాట ఆ మాత్రం బరువు మోయదా?