పాత మోటార్ యాట్ కొనేముందు క్యాబిన్ల అమరిక ఎందుకు చూడాలి?

వర్తూరు చెరువులో పడవ షికారు లేదు. ఇక్కడి నుంచి సముద్రం చూడాలంటే తూర్పున చెన్నైకో, పడమట మంగళూరుకో పోవాలి. రెండూ సుమారు 350 కిలోమీటర్లే. అయినా మోటార్ యాట్ అనే మాట మన ఇళ్లలో ఇప్పుడు కొత్తేమీ కాదు. సియాటిల్, ఫ్లోరిడా, సిడ్నీ, దుబాయి వైపు స్థిరపడ్డ పిల్లలు పాత పడవల ఫొటోలు ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టి "ఎలా ఉంది నాన్నా?" అని అడగడం ఉంది. ఇక్కడే ఉండి గోవాలోనో కొచ్చిలోనో ఒక పూటకు అద్దెకు తీసుకునేవాళ్లూ ఉన్నారు. ఇండియాలో కొత్త విహార యాట్ మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 40 శాతం. కాబట్టి చూపు పాతవాటి మీదికి పోవడం సహజమే.

పాత ఫ్లాట్ కొనడం మనకు బాగా తెలుసు. 1,200 చదరపు అడుగుల ఫ్లాట్లు రెండు ఒకే బిల్డింగులో ఉన్నా, ఒకటి వారంలో పోతుంది, ఇంకొకటి ఏడాదైనా పోదు. వంటగది ఎటు ఉంది, హాల్లోంచి బెడ్రూములోకి చూపు పడుతుందా, పెద్దవాళ్ల గదికి బాత్రూము ఆనుకుని ఉందా అన్నవే తేడా తెస్తాయి. యాట్ విషయంలోనూ అంతే. పైగా ఇంట్లో గోడ పడగొట్టవచ్చు, పడవలో అది దాదాపు కుదరదు. లోపలి అడ్డగోడలు పడవ ఒంటికి బిగించి ఉంటాయి. చాలావాటి మీద పడవ బలం ఆధారపడి ఉంటుంది. వాటి వెంట డీజిల్ ట్యాంకులు, నీళ్ల పైపులు, వైర్లు పోతాయి. ఇంజను మార్చవచ్చు, పరుపులు మార్చవచ్చు, రంగు కొత్తగా వేయించవచ్చు. అమరిక మాత్రం పడవ ఉన్నన్నాళ్లూ అదే. అందుకే మొదట చూడాల్సింది దాన్నే.

ముందు నాలుగు మాటలు

అమ్మకం ప్రకటనల్లో కనిపించే మాటలు ఇవి. పడుకునే గది క్యాబిన్. మంచం బెర్త్. టాయిలెట్టును హెడ్ అంటారు. వంటగది గ్యాలీ. కూర్చునే హాలు సెలూన్. పడవ నడిపే చోటు హెల్మ్. కప్పు మీద ఇంకొక స్టీరింగుతో ఉండే తెరిచిన అంతస్తు ఫ్లైబ్రిడ్జి. "2 క్యాబిన్లు, 2 హెడ్‌లు" అని ఉంటే మన 2 బీహెచ్‌కే లాంటి లెక్క అనుకోండి. పడవ వెడల్పును బీమ్ అంటారు. అందరూ పొడవు అడుగుతారు గానీ, లోపల ఎంత సుఖంగా ఉంటుందో తేల్చడంలో వెడల్పుదీ పెద్ద పాత్రే.

అమరికల్లో ముఖ్యమైన రకాలు

మొదటిది, పడక గదులన్నీ ముందువైపు కింద ఉండేది. హాలు వెనక ఉంటుంది, అక్కడి నుంచి నేరుగా వెనక డెక్కు మీదికి పోవచ్చు. పగటిపూట షికారుకు, నలుగురు కూర్చుని మాట్లాడుకోవడానికి ఇది హాయి. కాకపోతే గదులు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒక గదిలో గురక ఇంకో గదిలో వినిపిస్తుంది.

రెండోది, యజమాని గది పూర్తిగా వెనక, అతిథుల గది ముందు, మధ్యలో హాలు ఉండేది. దీన్ని ఆఫ్ట్ క్యాబిన్ అంటారు. రెండు కుటుంబాలు వెళ్తే ఎవరి మర్యాద వారికి ఉంటుంది. ఇబ్బంది ఏమిటంటే వెనక డెక్కు ఎత్తులో ఉంటుంది. రేవు నుంచి ఎక్కడానికి, దిగడానికి మెట్లు ఎక్కువ.

మూడోది, యజమాని గది పడవ నడుమ కింద, ఈ పక్క నుంచి ఆ పక్క దాకా పూర్తి వెడల్పుతో ఉండేది. పడవ ఊగేటప్పుడు నడుమ భాగం అన్నిటికంటే తక్కువ ఊగుతుంది. ముక్కు దగ్గర ఎక్కువ ఊగుతుంది. కడుపులో తిప్పేవాళ్లకు ఇది పెద్ద తేడా. 2005 ప్రాంతంలో వోల్వో పెంటా ఐపీఎస్ అనే వ్యవస్థ తెచ్చింది. అందులో ఇంజన్లు బాగా వెనక్కి పోతాయి, నడుమ చోటు ఖాళీ అవుతుంది. ఆ తర్వాత మధ్యరకం పడవల్లోనూ ఇలాంటి గదులు ఇవ్వడం తేలికైంది. దీనికి అలవాటు పడ్డవాళ్లకు అంతకుముందు కట్టిన అదే పొడవు పడవ ఇరుకుగా అనిపిస్తుంది.

ఒకే పడవ, మూడు రకాల కొనుగోలుదార్లు

అమరిక మహిమ తెలియాలంటే గ్రాండ్ బ్యాంక్స్ 42 చూడాలి. 1960లలో హాంగ్‌కాంగ్‌లో మొదలైన ఈ పడవల తయారీ 1973లో చెక్క నుంచి ఫైబర్‌గ్లాసుకు మారింది. పాత పడవల మార్కెట్లో వీటి పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. కింది భాగం ఒకటే, పైన అమరికలు వేరు. క్లాసిక్‌లో వెనక ఒక గది, ముందు ఒక గది, మధ్యలో హాలు. యూరోపాలో వెనక గది లేదు. హాలును వెనక్కి పెంచి, దాని వెనక పైకప్పు నీడలో కూర్చునే చోటు ఇచ్చారు. మోటార్ యాట్ అనే రకంలో వెనక గదిని పూర్తి వెడల్పుకు పెంచి, దాని మీద డెక్కు వేశారు.

ఇంజను, పొడవు, పేరు అన్నీ దగ్గరగా ఉన్నా కొనేవాళ్లు ఒకరు కారు. రెండు జంటలు కలిసి రోజుల తరబడి తిరగాలంటే క్లాసిక్ నప్పుతుంది. ఎక్కువ సేపు బయట నీడలో కూర్చునే పెద్దవాళ్ల జంటకు యూరోపా బాగుంటుంది. పడవలోనే నెలల తరబడి కాపురం ఉండేవాళ్లకు మోటార్ యాట్ గది కలిసివస్తుంది. పాతది కొనేవాళ్లు గుర్తుంచుకోవలసింది ఇదే: "మంచి అమరిక" అని విడిగా ఒకటి ఉండదు, ఎవరికి మంచిది అన్నదే ప్రశ్న. అయితే తిరిగి అమ్మేటప్పుడు గిరాకీ ఎక్కువ మందికి పనికివచ్చే అమరికకే ఉంటుంది. ఒక గదిని తీసేసి ఆఫీసుగానో, సామాన్ల గదిగానో మార్చిన పడవ చౌకగా రావచ్చు. రేపు మీరు అమ్మేటప్పుడూ అదే చౌక ధర వస్తుంది.

వంటగది పైనా, కిందా?

గ్యాలీ హాలుతో సమంగా పైన ఉంటే వంట చేసేవాళ్లు మాటల్లో ఉంటారు, కిటికీలోంచి గాలి ఆడుతుంది. కింద ఉంటే హాలు విశాలంగా కనబడుతుంది, కానీ వండే మనిషి మెట్లు దిగి ఒంటరిగా ఉండాలి. తిరగవాత వేస్తే ఆ ఘాటు పడక గదుల్లోకే పోతుంది. మన వంటకు పైన ఉన్న గ్యాలీయే మేలు. కింద ఉన్నా కొనాలనుకుంటే, తెరుచుకునే కిటికీ, బయటికి గాలి లాగే ఫ్యాను ఉన్నాయో లేదో చూడండి. పడవ ఊగినప్పుడు గిన్నె జారకుండా పొయ్యి చుట్టూ కమ్మీ ఉండాలి. ఈమధ్య కట్టే చాలా పడవల్లో గ్యాలీని హాలుకూ వెనక డెక్కుకూ మధ్య పెడుతున్నారు. లోపలికీ బయటికీ రెండు వైపులా వడ్డించవచ్చు. ఇలాంటి అమరికకు ఆదరణ బాగా ఉంది.

మంచం, టాయిలెట్, మెట్లు

మంచానికి రెండు పక్కలా దిగే చోటు ఉందా అన్నది ఫొటోలో తెలియదు. ముక్కు భాగంలో వీ ఆకారంలో ఉండే మంచం మీద కాళ్లు ఒకచోటికి చేరతాయి. గోడవైపు పడుకున్నవాళ్లు రాత్రి లేవాలంటే పక్కవాళ్లను దాటుకుని రావాలి. అరవై దాటినవాళ్లకు ఇది మొదటి రాత్రే తెలిసిపోతుంది. టాయిలెట్టు ఒకటే ఉంటే, దానికి గదిలోంచి ఒక తలుపు, బయటి నుంచి ఒక తలుపు ఉన్నాయేమో చూడండి. అలా లేకపోతే అతిథులు మీ పడక గదిలోంచే పోవాలి. తల ఎత్తు కూడా కొలవాలి. హాల్లో ఆరున్నర అడుగులు ఉండి, కింద గదిలో ఆరడుగులే ఉండటం మామూలే. ఫ్లైబ్రిడ్జికి నిచ్చెన ఉందా, మెట్లున్నాయా అన్నదీ ముఖ్యం. నిచ్చెన అయితే అమ్మమ్మలు, తాతయ్యలు పైకి రారు.

ఇంజను దగ్గరికి పోయే దారి కూడా అమరికలో భాగమే. కొన్ని పడవల్లో హాల్లో సోఫా జరిపి, తివాచీ తీసి, నేల మీది మూత ఎత్తాలి. అలాంటి చోట రోజువారీ పరీక్ష జరగదు. జరగని పరీక్షల ఖర్చు తర్వాత కొన్నవాళ్ల మీద పడుతుంది.

సరంగుకు చోటు

గోదావరి మీద లాంచీ నడిపేవాణ్ణి సరంగు అంటారు. అమెరికాలో 40 అడుగుల పడవను యజమానే నడుపుకుంటాడు. అందుకే అక్కడి పడవల్లో సిబ్బందికి గది ఉండదు. ఇండియాలో ఎక్కువగా జీతానికి పెట్టుకున్న మనిషే నడుపుతాడు. రాత్రి ఆగేలా ఉంటే అతను పడుకోవడానికి, స్నానానికి విడిగా చోటు కావాలి. లేకపోతే అతను హాల్లో పడుకుంటాడు, మీకూ ఇబ్బంది, అతనికీ ఇబ్బంది. అక్కడ మెచ్చిన అమరిక ఇక్కడ నచ్చకపోవడానికి ఇది ఒక కారణం. ఇంకొకటి మన ఎండ. తెరిచిన డెక్కు ఎంత పెద్దదైనా పైన నీడ లేకపోతే మధ్యాహ్నం దాని మీద ఎవరూ ఉండరు.

బయటికి రెండో దారి

ఇంతవరకు చెప్పింది సుఖం, గిరాకీ గురించి. ఇక చెప్పబోయేది ప్రాణం గురించి. ఉదాహరణలు సొంత యాట్లవి కావు, ప్రయాణికుల పడవలవి. పాఠం మాత్రం ఒకటే.

2018 మే 15న గోదావరిలో మంటూరు దగ్గర గాలివానలో లాంచీ మునిగింది. వాన జల్లు రాకుండా తలుపులు, కిటికీలు మూసుకోవడంతో లోపలివాళ్లు బయటికి రాలేకపోయారని బతికినవాళ్లు చెప్పారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు వెళ్తున్న రాయల్ వశిష్ఠ కచ్చులూరు దగ్గర వరద నీటిలో బోల్తా పడింది. లెక్క ప్రకారం 77 మంది ఉంటే 26 మందే బయటపడ్డారు. అక్టోబరు 22న ధర్మాడి సత్యం బృందం పడవను ఒడ్డుకు లాగినప్పుడు లోపల మృతదేహాలు దొరికాయి. పడవ మునగడానికి కారణాలు వేరు. మునిగాక కింది గదిలో ఉన్నవాళ్లకు దారి ఎంత ఉందన్నది అమరిక ప్రశ్న.

కచ్చులూరుకు 13 రోజుల ముందు, సెప్టెంబరు 2న, అమెరికాలో కాలిఫోర్నియా తీరంలో కన్సెప్షన్ అనే డైవింగ్ పడవకు రాత్రి నిప్పంటుకుంది. కింద పడక గదిలో ఉన్న 34 మందీ చనిపోయారు. ఆ గదికి దారులు రెండు ఉన్నాయి, మెట్లు ఒకటి, అత్యవసర మూత ఒకటి. రెండూ పైన ఒకే హాల్లోకి తెరుచుకుంటాయి. మంట ఉన్నది ఆ హాల్లోనే. రెండు దారులు ఉంటే చాలదు, రెండూ వేర్వేరు చోట్లకు పోవాలి.

చిన్న పడవల అగ్ని భద్రతకు ఐఎస్ఓ 9094 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం బయటపడే మూత గుండ్రంగా ఉంటే కనీసం 450 మిల్లీమీటర్ల వ్యాసం ఉండాలి. ఇంకో ఆకారమైతే ఏ వైపూ 380 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, వైశాల్యం 0.18 చదరపు మీటరు ఉండాలి. పాత పడవ దగ్గరికి టేపు తీసుకుని వెళ్లండి. 1998కి ముందు కట్టిన పడవ యూరప్‌ది అయినా సరే, అప్పటికి అక్కడి విహార పడవల నిబంధనలు తప్పనిసరి కాలేదని గుర్తుంచుకోండి. తర్వాతివాటికి తయారీదారు పలక ఉంటుంది. అందులో ఎంతమందిని ఎక్కించవచ్చో, ఎలాంటి అలలకు తట్టుకుంటుందో ఏ, బీ, సీ, డీ అక్షరాల్లో రాసి ఉంటుంది. సీ తరగతి అంటే 2 మీటర్ల అలల దాకానే. ఆరు మంచాలు ఉన్నంత మాత్రాన ఆ పడవ ఆరుగురితో సముద్రం దాటుతుందని కాదు.

చూడ్డానికి వెళ్లినప్పుడు

అమ్మేవాళ్ల దగ్గర అమరిక బొమ్మ అడిగి తీసుకోండి. ప్రతి మంచం మీద పది నిమిషాలు పడుకోండి. టాయిలెట్టు తలుపు వేసుకుని లోపల తిరిగి చూడండి. జనరేటర్ వేయించి పడక గదిలో మాట వినబడుతుందో లేదో చూడండి. గదిలో దీపం ఆర్పి, తడుముకుంటూ బయటికి రండి. అత్యవసర మూతను లోపల నుంచి, పనిముట్టు లేకుండా, ఇంట్లో అందరికంటే బలహీనమైనవాళ్లు తెరవగలరా? ఆ మూత మీద పరుపో, డెక్కు మీద కట్టిన చిన్న పడవో అడ్డంగా ఉందా? పడక గదుల్లో కార్బన్ మోనాక్సైడ్ హెచ్చరిక గంట ఉందా? ఆ వాయువుకు వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇవన్నీ చూశాకే సర్వేయర్ని పిలిచి ఇంజను, అడుగుభాగం పరీక్ష చేయించండి. సర్వేయరు చెప్పిన లోపాలకు ధర తగ్గించమని అడగవచ్చు. అమరికలో లోపానికి ఎంత తగ్గించినా అది మీతోనే ఉంటుంది. ఈసారి పిల్లలు ఫొటో పెట్టి "ఎలా ఉంది?" అని అడిగితే, సోఫా రంగు గురించి కాకుండా ఒక్క ప్రశ్న వేయండి: రాత్రి పడుకున్న చోటు నుంచి బయటికి రెండో దారి ఎటు?