విజ్ఞానం, విశ్వాసం: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంత చరిత్ర

శాస్త్రం కనిపెట్టిన సంగతులు దైవవిశ్వాసాన్ని పెంచుతాయా, తగ్గిస్తాయా అన్న ప్రశ్నకు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల చుట్టుపక్కల చాలా పాత చరిత్ర ఉంది. మూడూ ఉమ్మడి నల్లగొండ జిల్లాలోవే. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజనతో మొదటి రెండూ సూర్యాపేట జిల్లాలోకి వెళ్లాయి, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. మూసీ నది కృష్ణలో కలిసేది ఈ నేల మీదే. బౌద్ధ స్తూపాలు, శివాలయాలు, నరసింహ క్షేత్రాలు, దర్గాలు ఒకదానికొకటి కూతవేటు దూరంలో వెలిసిన ప్రాంతమిది. కారణం తెలిసిన మరుక్షణం సడలిపోయే నమ్మకం, కారణం తెలిశాక ఇంకా గట్టిపడే నమ్మకం, రెండూ ఈ చరిత్రలో కనిపిస్తాయి.

ఫణిగిరి వైద్యుడు

సూర్యాపేట జిల్లా నాగారం మండలంలోని ఫణిగిరి కొండ మీద ఇక్ష్వాకుల కాలం నాటి బౌద్ధారామం ఉంది. నిజాం కాలంలో మొదలైన తవ్వకాలు 2001 తర్వాత మళ్లీ సాగాయి. స్తూపం, విహారాలు, చెక్కడాలు నిండిన తోరణపు దూలాలు బయటపడ్డాయి. 2024లో 3,730 సీసపు నాణేలున్న కుండ దొరికింది.

ఈ వ్యాసానికి ముఖ్యమైనది అక్కడ దొరికిన ఒక శాసనం. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరంలో ధర్మచక్రాన్ని నిలిపిన సంగతి అందులో ఉంది. నిలిపినవాడు భిక్షువు కాదు, రాజు కాదు, ప్రధాన వైద్యుడు. రోగానికి కారణం వెతకడం, దాన్ని బట్టి మందు ఇవ్వడం అతని వృత్తి. దుఃఖానికీ కారణం ఉందని, ఆ కారణం పోతే దుఃఖం పోతుందని బుద్ధుడు చెప్పాడు. వైద్యుడి ఆలోచనకు, బౌద్ధుడి ఆలోచనకు ఉన్న ఈ దగ్గరితనం బౌద్ధ సంప్రదాయానికి కొత్త కాదు. బుద్ధుణ్ణి మహావైద్యుడని పిలవడం అందులో వాడుకే. ఫణిగిరి శాసనం ఆ దగ్గరితనానికి మన నేల మీద నిలిచిన సాక్ష్యం.

పంచాంగం, దుర్భిణి

సూర్యాపేట పాత పేరు భానుపురి అంటారు. సూర్యుడి పేరు మోసే ఈ ఊరి జనానికి గ్రహణమంటే పట్టుస్నానం, విడుపుస్నానం, ఆ రెంటి మధ్య జపం. వీటన్నిటికీ ఆధారం పంచాంగంలో వేసిన ఘడియలు. ఘడియ తప్పితే ఆచారమే తప్పుతుంది. అందుకే ఇక్కడ లెక్క, భక్తి విడిపోకుండా నడిచాయి.

1868 ఆగస్టు 18న దక్షిణ భారతం మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం సాగింది. ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ కృష్ణకు ఆవలి ఒడ్డున గుంటూరులో దాన్ని పరిశీలించాడు. ఆ గ్రహణంలో సూర్యుడి అంచున కనిపించిన పసుపు గీత హీలియం అనే కొత్త మూలకానిదని తర్వాత తేలింది. ఆ పేరు కూడా గ్రీకుల సూర్యుడిదే. అదే రోజు మద్రాసు వేధశాలకు చెందిన చింతామణి రఘునాథాచారి వనపర్తి నుంచి గ్రహణాన్ని చూశారు. ఆయన పంచాంగకర్తల ఇంట పుట్టినవారు, దుర్భిణితో ఒక చంచల నక్షత్రాన్ని కనిపెట్టినవారు కూడా. పాత సిద్ధాంతాల లెక్కకు, కంటికి కనిపించే ఆకాశానికి తేడా వస్తోందని గుర్తించి, పరిశీలనకు సరిపోయే దృగ్గణిత పంచాంగాన్ని ఆయన ప్రచారం చేశారు. వ్రతాలు, శ్రాద్ధాలు సరైన వేళకు జరగాలన్నది ఆ సవరణ వెనక ఉన్న తపన. శాస్త్రం భక్తికి నేరుగా సాయపడిన సందర్భాల్లో ఇంతకంటే స్పష్టమైనది దొరకడం కష్టం.

1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ గ్రహణం ఉమ్మడి నల్లగొండ జిల్లా మీదుగానే సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జపాల్–రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు దుర్భిణులు బిగించుకుని ఉంటే, ఊళ్లలో జనం తలుపులు మూసుకుని ఇళ్లలో ఉండిపోయారు. ఇద్దరికీ ఆ వేళ ముందే తెలుసు. ఒకరికి ఖగోళ గణనల వల్ల, ఇంకొకరికి పంచాంగం వల్ల.

పానగల్లు నీడ

నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లు ఒకప్పుడు కందూరు చోడుల రాజధాని. అక్కడి ఛాయా సోమేశ్వరాలయం మూడు గర్భగుళ్ల త్రికూటం. శివలింగం వెనక గోడ మీద ఒక స్తంభం నీడ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కదలకుండా నిలిచి ఉంటుంది. ఎండకు నీడ కదలాలన్నది పసిపిల్లలకూ తెలిసిన సంగతి కాబట్టి, కదలని నీడ తరతరాలుగా దేవుడి మహిమగానే నిలిచింది.

సూర్యాపేటకు చెందిన భౌతికశాస్త్ర అధ్యాపకుడొకరు ఈ రహస్యానికి కాంతి శాస్త్రంతో వివరణ ఇచ్చారు. సారాంశం ఇది: గర్భగుడిలోకి ఎండ నేరుగా పడదు. ఆవరణలో చెదిరిన వెలుతురు మండపపు తెరపుల గుండా, స్తంభాల సందుల్లోంచి లోపలికి వస్తుంది. సూర్యుడు కదిలినా ఆ తెరపులు, స్తంభాలు కదలవు కాబట్టి నీడా కదలదు. పగటి వెలుతురు హెచ్చుతగ్గులతో నీడ చిక్కబడవచ్చు, పలచబడవచ్చు గానీ చోటు మారదు.

వివరణ వచ్చాక గుడి వెలవెలబోలేదు. మహాశివరాత్రికి జనం వస్తూనే ఉన్నారు. నీడ ఎందుకు కదలదో తెలిసినవారికి, స్తంభాలను అలా నిలిపిన శిల్పుల ముందు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. భక్తి ఇక్కడ తగ్గలేదు. దేవుడి మహిమతో పాటు మనిషి బుద్ధికి కూడా నమస్కరించేంత విశాలమైంది.

కృష్ణాతీర మహిమలు

మిర్యాలగూడ దిగువన, మూసీ కృష్ణలో కలిసే వాడపల్లిలో రెండు విశేషాలు చెబుతారు. అగస్త్యేశ్వరుడి లింగం తలమీది గుంటలో నీరు ఎండిపోదట. లక్ష్మీనరసింహస్వామి సన్నిధిలో రెండు దీపాలుంటే, ముక్కు ఎత్తున ఉన్నది స్వామి ఊపిరికి రెపరెపలాడుతుంది, కిందిది నిశ్చలంగా వెలుగుతుంది అంటారు. కోదాడకు దగ్గరలోని మేళ్లచెరువు శంభులింగేశ్వరుడి లింగం పెరుగుతోందని, దాని తలమీద నీరు ఊరుతుందని నమ్మకం. ఈ కృష్ణాతీరం నిండా సున్నపురాయి ఉంది. సిమెంటు ఫ్యాక్టరీలు ఇక్కడికి వచ్చిందీ అందుకే. సున్నపురాతిని నీరు నెమ్మదిగా కరిగించి, సందుల్లో దారులు చేసుకుంటుందని భూగర్భశాస్త్రం చెబుతుంది. ఆ సంగతి తెలిసినంత మాత్రాన వాడపల్లిలో పక్షిని కాపాడడానికి శివుడు తన తలనుంచే మాంసం ఇచ్చాడన్న స్థలపురాణం చిన్నబోదు. కరుణ గురించి ఆ కథ చెప్పేది రాయిలో నీరు ఎలా ఊరుతుందన్న దానిమీద ఆధారపడి లేదు.

హేతువాదుల వాదన

నమ్మకాన్ని ప్రశ్నించిన సంప్రదాయం కూడా తెలుగునాట బలమైనదే. నాస్తికవాది గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది విజయవాడకు మారింది. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక బాణామతి, చేతబడి భయాలకు వ్యతిరేకంగా ఊరూరా పనిచేసింది. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుల విధి అని 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరింది. 1995 సెప్టెంబరు 21న దేశమంతటా వినాయక విగ్రహాలు పాలు తాగుతున్నాయన్న వార్త పాకినప్పుడు, తలతన్యత, కేశనాళికత వల్ల పాలు చెంచా నుంచి జారిపోతున్నాయని శాస్త్రవేత్తలు చూపించారు. ఆ సంచలనం రోజుల్లోనే చల్లారింది. వింత మీద నిలిచిన నమ్మకం వింత తీరగానే పోతుందన్న హేతువాదుల మాటలో నిజముంది.

ప్రపంచ చర్చలో

విశ్వం విస్తరిస్తోందని 1927లో ప్రతిపాదించిన బెల్జియం శాస్త్రవేత్త లెమైత్ర్ కాథలిక్ పూజారి. 1951లో పోప్ పన్నెండవ పయస్ ఆ సిద్ధాంతాన్ని సృష్టికి రుజువుగా ఎత్తి చూపితే లెమైత్ర్‌కు నచ్చలేదు. సిద్ధాంతం రేపు మారితే దానికి కట్టిన విశ్వాసం ఏమవుతుందన్నది అలాంటి ముడి వల్ల వచ్చే చిక్కు. పానగల్లు నీడ, మేళ్లచెరువు నీరు చెప్పేదీ ఆ సంగతే. శాస్త్రాన్ని సాక్షిగా పిలిచిన విశ్వాసం దాని తీర్పుకు కట్టుబడాలి. శాస్త్రాన్ని తోడుగా నడిపించుకున్న విశ్వాసానికి ఆ భయం లేదు. ఫణిగిరి వైద్యుడు, వనపర్తిలో దుర్భిణి పట్టిన పంచాంగకర్త నడిచింది ఈ రెండో దారిలోనే.