రౌటర్ మీద ఎర్ర లైట్, సముద్రం అడుగున తెగులు



పోయిన వానాకాలం మా ఇంట్లో నెట్ పోయింది. రౌటర్ మీద ఎల్ఓఎస్ అనే లైట్ ఎర్రగా మిణుకుమిణుకుమంటోంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఒకటే మాట: "సర్, రౌటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి." చేశాను. ఆరుసార్లు చేశాను. మూడో రోజు లైన్ చూసే కుర్రాడొకడు వచ్చాడు. రౌటర్ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. వీధి చివర బాక్స్ తెరిచి, టిఫిన్ డబ్బా అంత మిషన్‌కి ఫైబర్ తగిలించి, "అన్నా, పదకొండు వందల మీటర్ల దగ్గర కట్ అయింది" అన్నాడు. వెళ్లి చూస్తే నిజంగానే అక్కడ డ్రైనేజీ కోసం జేసీబీతో తవ్వేస్తున్నారు.

ఒక చివర నిలబడి, కంటికి కనిపించని చోటు గురించి మీటర్లతో సహా ఎలా చెప్పాడు? ఆ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళ్తే 1858లో తేలాను.

ఆ ఏడాది ఆగస్టు 5న ఐర్లాండ్‌లోని వాలెన్షియా దీవి నుంచి కెనడా వైపు న్యూఫౌండ్‌లాండ్ దాకా, అట్లాంటిక్ సముద్రం అడుగున మొట్టమొదటి టెలిగ్రాఫ్ కేబుల్ వేయడం పూర్తయింది. విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడు బుకానన్‌కి మెసేజ్ పంపింది. 98 పదాలు. వెళ్లడానికి సుమారు 16 గంటలు పట్టింది. నవ్వకండి, అప్పటిదాకా ఉత్తరం ఓడలో పది రోజులకు పైగా పోయేది. న్యూయార్క్‌లో బాణసంచా కాల్చి కాల్చి సిటీ హాల్ కప్పుకే నిప్పంటించారు.

నెల తిరక్కుండానే కేబుల్ మూగబోయింది.

అసలు కథ ఇక్కడే. కంపెనీకి ఎలక్ట్రీషియన్‌గా ఉన్న వైల్డ్‌మన్ వైట్‌హౌస్ చదువుకున్నది వైద్యం, సర్జన్. సిగ్నల్ బలహీనంగా వస్తోందంటే ఆయన దగ్గర ఉన్న మందు ఒకటే, వోల్టేజ్ పెంచడం. పెద్ద పెద్ద కాయిల్స్‌తో సుమారు 2000 వోల్టులు ఎక్కించాడు. అప్పటికే అంతంతమాత్రంగా ఉన్న ఇన్సులేషన్‌కి అది చావుదెబ్బ అయిందని చాలామంది చరిత్రకారుల మాట. నా ఉద్దేశం అడిగితే, వోల్టేజ్ కంటే పెద్ద తప్పు ఇంకోటి ఉంది. తెగులు ఒడ్డు పక్కనే ఉందని ఆయన పట్టుబట్టాడు. హార్బర్‌లో కేబుల్ పైకి లాగించాడు కూడా. అక్కడ ఏమీ లేదు. చెప్పిన మాట వినడం లేదని ఆగస్టులోనే కంపెనీ ఆయన్ని తీసేసింది.

మిగతావాళ్లు ఊహించలేదు, కొలిచారు. ఒకాయన విలియం థామ్సన్. తర్వాత లార్డ్ కెల్విన్ అయ్యాడే, ఆయనే. ఇంకొకాయన క్రామ్‌వెల్ వార్లీ. లెక్క చాలా సింపుల్. రాగి తీగకి మైలుకింత రెసిస్టెన్స్ అని ముందే తెలుసు. ఇన్సులేషన్ పోయిన చోట కరెంటు సముద్రంలోకి కారిపోతుంది. ఒడ్డు నుంచి ఆ కారే చోటు దాకా ఉన్న రెసిస్టెన్స్ కొలిచి, మైలు రెసిస్టెన్స్‌తో భాగిస్తే దూరం వచ్చేస్తుంది. కాకపోతే కారే చోటుకి కూడా సొంత రెసిస్టెన్స్ ఉంటుంది, అదెంతో తెలీదు. అందుకే "ఇంతకు మించి దూరం ఉండదు" అని మాత్రమే గట్టిగా చెప్పగలరు. వాళ్ల లెక్కలో తేలింది వందల మైళ్ల అవతల, లోతైన నీళ్లలో. పైకి తీసి బాగుచేసే దారి ఆ రోజుల్లో లేదు. డబ్బంతా నీళ్లపాలే. కొందరైతే కేబుల్ అనేదే లేదు, అంతా మోసం అన్నారు.

ఈ కొలతలో ఇంకో తలనొప్పి ఉంది. రెసిస్టెన్స్‌కి అప్పట్లో అందరూ ఒప్పుకున్న యూనిట్ లేదు. నీ లెక్క నీది, నా లెక్క నాది. పైగా రాగిలో కల్తీని బట్టి రెసిస్టెన్స్ బాగా మారిపోతుందని థామ్సన్ అప్పటికే కనిపెట్టాడు. 1861లో ఆయన పూనుకుని బ్రిటిష్ అసోసియేషన్‌లో ఒక కమిటీ వేయించాడు. మనం ఇంటర్ ఫిజిక్స్‌లో బట్టీ పట్టిన ఓమ్ ఇవాళ ఈ రూపంలో ఉండడానికి ఆ కమిటీ పెద్ద కారణం. ఈ సంగతి కాలేజీలో ఎవరైనా చెప్పి ఉంటే ఆ చాప్టర్‌లో నిద్రపోయేవాణ్ణి కాదు. 1866లో గ్రేట్ ఈస్టర్న్ ఓడ వేసిన కేబుల్ నిలబడింది. వేస్తున్నంతసేపూ కొలుస్తూనే ఉన్నారు మరి.

ఇప్పుడు మన వీధి చివర బాక్స్ దగ్గరికి వద్దాం. ఫైబర్‌లో కరెంటు ఉండదు, కాబట్టి ఓమ్ పనికిరాదు. అక్కడ కొలిచేది టైమ్. ఆ మిషన్ పేరు ఓటీడీఆర్. చిన్న లేజర్ మెరుపు పంపిస్తుంది. గాజులో పోతూ ఉంటే వెలుగు అడుగడుగునా కొద్దికొద్దిగా చెదిరి వెనక్కి వస్తుంటుంది. ఎక్కడ తెగిందో అక్కడితో ఆ రావడం ఆగిపోతుంది. ఫైబర్‌లో వెలుగు వేగం సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు. మా వీధి కట్ దాకా వెళ్లి రావడానికి పట్టింది దాదాపు 11 మైక్రోసెకన్లు. బార్నోస్కీ, జెన్సన్ అనే ఇద్దరు అమెరికాలో ఈ పద్ధతిని 1976లో ప్రచురించారు.

ఒక చిక్కు మాత్రం అప్పటిదే ఇప్పటికీ ఉంది. మిషన్ చెప్పేది తీగ పొడవు, రోడ్డు పొడవు కాదు. సముద్రంలో కేబుల్‌ని కాస్త వదులుగా వేసేవాళ్లు. మన దగ్గర స్తంభానికి ఫైబర్ చుట్ట చుట్టి వేలాడదీస్తారు, చూసే ఉంటారు. ఏ స్తంభానికి ఎన్ని మీటర్ల చుట్ట ఉందో తెలియకపోతే ఒక వీధి బదులు ఇంకో వీధిలో వెతుకుతారు. మా కుర్రాడికి అవన్నీ నోటికి వచ్చు. తన ఫోన్‌లో రాసి పెట్టుకున్నాడు కూడా.

ఈసారి మీ ఇంట్లో ఎల్ఓఎస్ ఎర్రగా వెలిగితే, మీ డబ్బాకి వెలుగు చేరడం లేదని అర్థం. ముందు ఫైబర్ వైరు మడత పడిందా, పిన్ను సరిగ్గా కూర్చుందా చూడండి. వైరు చివరలో కన్ను పెట్టి మాత్రం చూడొద్దు, ఆ వెలుగు కనిపించదు కానీ కంటికి మంచిది కాదు. అవన్నీ బాగానే ఉంటే కస్టమర్ కేర్‌కి మొదటి మాటగా "ఎల్ఓఎస్ రెడ్ వస్తోంది, లైన్ చూసే మనిషిని పంపండి" అని చెప్పండి. రీస్టార్ట్ చేశారా అని అడుగుతారు. చేశానని చెప్పేయండి.