కల్లుకుండ, బీరుపీపా: పులియబెట్టడం నుండి నిలవ వరకు

ఉదయం చెట్టునుండి దించిన కల్లు తియ్యగా ఉంటుంది. మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది. మరునాటికి నోట పెట్టలేనంత పులుపవుతుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో ఈత, తాటి చెట్లు గీచే గౌడ కుటుంబాలకు ఇది తరతరాలుగా తెలిసిన విషయమే. ఇదే పులియడంవల్ల ఐరోపాలో తయారయిన బీరు మాత్రం నెలల తరబడి నిలిచి, సముద్రాలు దాటి అమ్ముడుపోయింది. పానీయాన్ని పులియబెట్టడం తేలిక. పులియడాన్ని కావలసిన చోట ఆపడం కష్టం. కల్లు చరిత్ర, బీరు చరిత్ర వేరు వేరు దారులు పట్టడానికి ముఖ్యకారణం ఇదే.

కిణ్వం అనే పాత మాట

పులియడాన్ని నేటి శాస్త్ర పరిభాషలో కిణ్వనం అంటారు. దీనికి మూలమైన 'కిణ్వం' అనే మాట చాలా పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో సురాధ్యక్షుని విధులను తెలిపే అధ్యాయం ఒకటి ఉన్నది. మేదకమనే పానీయానికి ఒక ద్రోణం నీరు, అర ఆఢకం బియ్యం, మూడు ప్రస్థాల కిణ్వం కావలెనని అందులో కొలతలు ఇచ్చారు. ద్రోణానికి పదహారు ప్రస్థాలు, ఆఢకానికి నాలుగు. కనుక పదహారు పాళ్ల నీటికి రెండు పాళ్ల బియ్యం, మూడు పాళ్ల కిణ్వం అన్నమాట. కిణ్వాన్ని మినుముల పిండి, బియ్యం కలిపి తయారుచేసేవారు. ధాన్యంతో చేసినది గనుక మేదకం బీరుకు దగ్గరి చుట్టమే. ప్రత్యేక సందర్భాలలో గృహస్థులు శ్వేతసురను స్వయంగా చేసుకొనడానికి కూడ ఈ అధ్యాయం అనుమతిస్తుంది. ఇంట చేసుకొనే అలవాటు, దానిపై ప్రభుత్వపు అదుపు రెండూ అంత పాతవి.

కుండలో జరిగేదేమిటి?

ధాన్యంలో ఉన్నది పిండిపదార్థం. అది ముందుగా చక్కెరగా మారితేనే గాని పులియదు. తాటి, ఈత రసాలలో చక్కెర సిద్ధంగానే ఉంటుంది. నూరు పాళ్ల రసంలో సుమారు పది, పన్నెండు పాళ్లు చక్కెరే. గౌడులు తాటిగెల కొనను రోజూ పలుచగా చెక్కి లొట్టి కడతారు. ఈతచెట్టుకయితే మొవ్వు దగ్గర కాండాన్ని గీస్తారు. కారే రసం మొదట నీరా. అందులో మత్తు లేదు. కాని నిన్నటి లొట్టి గోడలను అంటుకొని ఉన్న ఈస్టు అనే మధుశిలీంధ్రం వెంటనే పని ప్రారంభిస్తుంది. పాలకు తోడు ఎట్లాంటిదో, రసానికి పాతలొట్టి అట్లాంటిది.

ఈస్టు చక్కెరను విడగొట్టి సారాయాన్ని, బొగ్గుపులుసు వాయువును పుట్టిస్తుంది. 180 గ్రాముల గ్లూకోజు నుండి లెక్కప్రకారం 92 గ్రాముల సారాయం, 88 గ్రాముల వాయువు వస్తాయి. కల్లుపై తేలే నురుగు ఈ వాయువు వల్ల వచ్చినదే. అందుచేత పన్నెండు పాళ్ల చక్కెర ఉన్న రసంలో సారాయం బరువున ఇంచుమించు ఆరు పాళ్లకన్న అంతగా ఎక్కువ కాలేదు. అయితే ఈస్టు ఒంటరిగా పనిచేయదు. లాక్టిక ఆమ్లం చేసే బాక్టీరియాలు, సారాయాన్ని ఎసిటిక ఆమ్లంగా మార్చే బాక్టీరియాలు కూడ అదే కుండలో పెరుగుతాయి. ఎసిటిక ఆమ్లం వినెగరులో ఉండే ఆమ్లమే. మరునాటి పులుపుకు కారణం ఈ ఆమ్లాలే.

బీరు నిలిచిన విధం

బీరు చేసేవారు బార్లీ గింజలను నానబెట్టి మొలకెత్తిస్తారు. మొలకలోని ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి. ఆ రసాన్ని హాప్స్ అనే తీగమొక్క పువ్వులతో కలిపి మరగబెడతారు. మరగడంలో సూక్ష్మజీవులు చస్తాయి. హాప్స్ చేదు అనేక బాక్టీరియాలను పెరగనీయదు. చల్లార్చిన తరువాత ఈస్టు కలిపి, పులిసిన బీరును చల్లని నేలమాళిగలలో నిలవ ఉంచేవారు. 'లాగర్' అనే పేరు నిలవచేయడం అనే అర్థంగల జర్మను మాటనుండి వచ్చినదే. 1516లో బవేరియాలో వెలువడిన శాసనం బీరుకు బార్లీ, హాప్స్, నీరు మాత్రమే వాడవలెనన్నది. అందులో ఈస్టు పేరే లేదు. అది ప్రాణి అని అప్పటికి ఎవరికీ తెలియదు.

1680లో లీవెన్‌హోక్ తన సూక్ష్మదర్శినితో బీరులో ఈస్టు కణాలను చూశాడు. 1837లో కాన్యార్ ద లాటూర్, ష్వాన్ అనేవారు అవి జీవులని వేరువేరుగా చెప్పారు. లూయీ పాస్చర్ 1876లో బీరుపై గ్రంథం ప్రకటించి, బీరు చెడడానికి అన్య సూక్ష్మజీవులే కారణమని చూపించాడు. ద్రవాన్ని మరగకుండ కొంత వేడిచేసి ఆ జీవులను చంపే పద్ధతికి ఆయన పేరే వచ్చింది. 1883లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో హాన్సెన్ ఒకే కణం నుండి శుద్ధమైన ఈస్టును పెంచాడు.

ముత్యంపేట, సున్నం

మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేటలో నిజాం షుగర్స్ వారి చక్కెర మిల్లు ఉండేది. ఈ సంస్థ మొదటి మిల్లు 1937లో బోధనులో స్థాపితమైనది. ముత్యంపేటలో 2015 డిసెంబరులో ఉత్పత్తి ఆగిపోయింది. చెరకురసానికి, తాటిరసానికి శత్రువులు ఒకరే. నరికిన చెరకును త్వరగా ఆడకపోతే చక్కెర తగ్గిపోతుంది. చక్కెర మిల్లులలో రసంలోని ఆమ్లగుణం పోయి, మలినాలు తేరడానికి సున్నం కలిపి వేడిచేస్తారు. నీరా దించే గౌడులు కూడ లొట్టి లోపల సున్నం పూస్తారు. క్షారగుణానికి సూక్ష్మజీవులు మందగించి రసం తియ్యగా నిలుస్తుంది. దాన్ని కాచి తాటిబెల్లం చేస్తారు. మిల్లులోను, చెట్టుపైనా సున్నమే సాధనం.

నిలవలేని దానిని నిలిపే ప్రయత్నం

కల్లును మాత్రం సున్నంతో నిలపడం కుదరదు. పులియడం ఆగితే అది కల్లే కాదు. కనుక సహజమైన కల్లు ఏ ఊరి చెట్లు ఇచ్చినంత, ఏ పూటకు ఆ పూట దొరికేది. హైదరాబాదు సంస్థానంలో 1316 ఫసలీ నాటి ఆబ్కారీ చట్టం, ఆ తరువాత 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం ఈ వ్యాపారాన్ని క్రమపరచాయి. కాని చెట్లు తక్కువై, తాగేవారు ఎక్కువైనచోట నీటికి సాకరిన్ తీపి, మత్తుమందుల కైపు చేర్చి కల్లుగా అమ్మే దురాచారం పుట్టింది. క్లోరల్ హైడ్రేటు, డయజెపాం, అల్ప్రజోలాం ఈ పనికి వాడినవే. ఇవి సారాయంతో కలిస్తే శ్వాస మందగించి ప్రాణాపాయం కలుగవచ్చు. రోజూ తాగి అలవాటుపడినవారు హఠాత్తుగా మానినా వణుకు, మూర్ఛ, మతిభ్రమ కలుగుతాయి. 2015లో తెలంగాణలో కల్తీపై దాడులు జరిగినప్పుడు ఇట్టి లక్షణాలతో అనేకులు ఆసుపత్రులలో చేరారు. అట్టివారికి వైద్యుని పర్యవేక్షణలోనే క్రమంగా మాన్పించాలి. 2025 జూలైలో హైదరాబాదులోని కూకట్‌పల్లిలో కల్తీకల్లు ప్రాణాలు తీసింది.

ఉపాధ్యాయులు తరగతిలో పులియడాన్ని సులభంగా చూపవచ్చు. గోరువెచ్చని చక్కెర నీటిలో రొట్టెల ఈస్టు కలిపి, సీసానుండి ఒక గొట్టాన్ని సున్నపుతేటలోకి దింపితే కొంతసేపటికి తేట పాలవలె తెల్లబడుతుంది. అదే ఈస్టును మరగించి వాడితే తెల్లబడదు. పాస్చర్ చెప్పినదంతా ఈ రెండు సీసాలలో కనబడుతుంది.

2023 మే నెలలో హైదరాబాదు హుస్సేన్‌సాగరు ఒడ్డున నీరా కేంద్రం తెరిచారు. చల్లదనం, శుభ్రత ఉంటే చెట్టురసం మందులేవీ లేకుండానే నగరం దాకా రాగలదు. గీతకార్మికునికి న్యాయమైన ధర, తాగేవారికి క్షేమం రెండూ ఆ దారిలోనే ఉన్నాయి.