ముద్దాయి

అరబ్బీలో ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు. ‘దావా’దీ అదే ధాతువు. ఎదుటి పక్షాన్ని ‘ముద్దాఅలైహి’ అంటారు, ఉర్దూలో నేటికీ అదే వరస. తెలుగు కచేరీల్లో మాత్రం అర్థం తిరగబడి, నేరం మోపబడినవాడు ముద్దాయి అయ్యాడు. పొడవాటి మాటకు తోక తెగిపోయి ఉంటుందని నా ఊహ.

నరసరావుపేట, మాచర్ల, గురజాల కోర్టుల్లో ఇప్పుడు ముద్దాయిలను ఏ1, ఏ2 అని లెక్కిస్తారు. ఊరి గొడవల కేసుల్లో ఆ వరస బాగా పొడవవుతుంది. కారణం పాత శిక్షాస్మృతిలోని 149వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 190. చట్టవిరుద్ధమైన గుంపు ఉమ్మడి ఉద్దేశంతో చేసిన నేరానికి గుంపులోని ప్రతివాడూ బాధ్యుడే. కర్ర పట్టనివాడి మీదా హత్య కేసు రావచ్చు. అందుకే ‘నా పేరు పక్కన ఏం రాశారు?’ అన్నది వకీలును మొదట అడగాల్సిన ప్రశ్న. ఎఫ్‌ఐఆర్ ఆరోపణ, ఛార్జిషీటు పోలీసుల మాట, అభియోగం నమోదు చేసేది కోర్టు. ఈ మూడు దశల్లో దేనిలోనూ ముద్దాయి దోషి కాడు. ఊళ్లో మాత్రం ఆ మాటను దోషి అన్నట్టే పలుకుతారు, అది అన్యాయం.

‘వకాల్తా’ కూడా అరబ్బీదే, అప్పగింత అని అర్థం. వకాల్తా మీద సంతకం పెట్టాక వకీలుకు జరిగింది దాచకుండా చెప్పాలి. వకీలుతో చెప్పుకున్న మాటకు చట్టం రక్షణ ఉంది. కస్టడీలో ఉన్నవారికి న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఇంటివాళ్లు 15100కు ఫోన్ చేయవచ్చు.