కత్తెర దొరకడానికి ఇరవై ఏళ్లు: ఐఎన్‌టీఎస్11 కథ

జన్యువు నకలులోని అక్కరలేని భాగాలను తీసేసి, పనికొచ్చేవాటిని అతికించనిదే మన కణాల్లో చాలా ప్రొటీన్లు తయారు కావు. ఆ కూర్పు యంత్రానికి ఆయువుపట్లు యూ1, యూ2 వంటి చిన్న కేంద్రక ఆర్‌ఎన్‌ఏలు. ఇతర ఆర్‌ఎన్‌ఏల కూర్పును చూసే వీటిని సరైన కొలతకు కోసేది ఎవరు? దానికి జవాబు ఐఎన్‌టీఎస్11 అనే ప్రొటీన్. ఆ జవాబు అంత తేలిగ్గా దొరకలేదు.

ముందు వెలుగులోకి వచ్చినవి ఆర్‌ఎన్‌ఏలే. అమెరికాలోని హ్యూస్టన్‌లో హారిస్ బుష్ బృందం వీటిని వేరుచేసింది. యురిడిన్ ఎక్కువగా ఉండటంతో పేర్ల ముందు ‘యూ’ చేరింది. ఎలుక కణితి కణాల నుంచి తీసిన యూ1 వరుసక్రమాన్ని 1974లో రామచంద్రారెడ్డి, ఆయన సహచరులు ప్రచురించారు. అవి ఏం చేస్తాయో మాత్రం అప్పటికి తెలియదు. 1979లో యేల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ లెర్నర్, జోన్ స్టైట్జ్ లూపస్ రోగుల రక్తంలోని యాంటీబాడీలను ఎరగా వేసి, ఈ ఆర్‌ఎన్‌ఏలను వాటి ప్రొటీన్లతో సహా పట్టుకున్నారు. మరుసటి ఏడాదే కూర్పు పనిలో యూ1కు పాత్ర ఉండవచ్చని ప్రతిపాదించారు.

తర్వాతి ప్రశ్న వాటి పుట్టుక గురించి. మామూలు సందేశ ఆర్‌ఎన్‌ఏకు చివర అడెనిన్ల తోక ఉంటుంది. యూ1, యూ2లకు ఉండదు. అంటే వీటి కోత పద్ధతి వేరు. 1985లో నూరియా హెర్నాండెజ్, యూ1 జన్యువు దాటగానే ఉన్న ఒక చిన్న వరుస ఈ కోతను నిర్దేశిస్తుందని చూపారు. ఆ గుర్తు ఒక్కటే సరిపోదని, నకలు ఈ జాతి జన్యువు సొంత ప్రమోటర్ నుంచే మొదలు కావాలని మరుసటి ఏడాది అలన్ వీనర్‌తో కలిసి నిరూపించారు. ఎక్కడ కోయాలో తెలిసింది. కోసే చెయ్యి మాత్రం ఇరవై ఏళ్లు దొరకలేదు.

2005లో రెండు దారులు ఒకే ప్రొటీన్ దగ్గర కలిశాయి. నార్త్ కరోలినాలో డొమిన్‌స్కీ, మార్జ్‌లఫ్ బృందం సందేశ ఆర్‌ఎన్‌ఏను కోసే సీపీఎస్‌ఎఫ్-73ను పోలిన ప్రొటీన్‌ను వర్ణించింది. అది లేకపోతే కణ విభజన చక్రం ముందుకు సాగదు. ఫిలడెల్ఫియాలోని విస్టార్ ఇన్‌స్టిట్యూట్‌లో రామిన్ షేఖత్తార్, డేవిడ్ బయ్యా బృందం డీఎస్‌ఎస్1 అనే వేరే ప్రొటీన్ తోడుల కోసం వెతుకుతూ, జన్యువు నకలు తీసే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-2ను అంటిపెట్టుకున్న పెద్ద సముదాయాన్ని కనుగొంది. దానికి ‘ఇంటిగ్రేటర్’ అని పేరు పెట్టింది. అందులో పదకొండో ఉపభాగమైన ఐఎన్‌టీఎస్11, నార్త్ కరోలినాలో దొరికిన ప్రొటీన్ ఒక్కటే. దాన్ని తగ్గించినా, కోసే మొనను చెడగొట్టినా కోతపడని యూ1, యూ2లు పేరుకుపోయాయి. కత్తెర చిక్కింది.

పని మాత్రం అక్కడితో ఆగలేదు. నకలు మొదలైన కొద్దిసేపటికే పాలిమరేజ్‌ను నిలిపివేయడంలోనూ, జన్యువుల జోరు పెంచే ఎన్‌హాన్సర్ల నుంచి పుట్టే ఆర్‌ఎన్‌ఏల కోతలోనూ ఇంటిగ్రేటర్ చెయ్యి ఉందని తర్వాత తేలింది. అదే సముదాయంలో ఫాస్ఫేట్లను తొలగించే పీపీ2ఏ కూడా కుదురుకుని ఉందని 2020లో వెలువడిన అణు నిర్మాణ చిత్రం చూపింది. తొలుత గుర్తించిన 12 ఉపభాగాలు నేడు 15 అయ్యాయి. ఐఎన్‌టీఎస్1, ఐఎన్‌టీఎస్8 జన్యు లోపాలు పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తాయని 2017లో, ఐఎన్‌టీఎస్11 లోపాలూ అంతేనని 2023లో వెల్లడైంది.

యూ1 కొస ఎలా ఏర్పడుతుందన్న 1985 నాటి ప్రశ్న అప్పట్లో ఏ రోగి కోసమూ వేసింది కాదు. నేడు ఆ పిల్లల జబ్బుకు కారణం చెప్పగలుగుతున్నామంటే, దాని వెనుక ఆ ప్రశ్న ఉంది. మౌలిక పరిశోధనకు ఖర్చు దండగ అనేవారికి ఇంతకు మించిన సమాధానం అక్కర్లేదు.